పొరుగింటి నవల

"ఏవండీ, కుక్కర్ మూడు కూతలు కూశాక దించీయండి. యమున వానలో నిలబడిపోయింది, నేను వెళ్లాలి."

నీలవేణి ఇంట్లో అన్న ఆఖరి మాటలివి. యమున అంటే ఎవరో చుట్టాలమ్మాయి అనుకునేరు. ఆవిడ రాస్తున్న నవలలో నాయిక. ముందురోజు సాయంత్రం బొండపల్లి దగ్గర బస్సు దిగింది, చేతిలో గొడుగు లేదు, రాత్రంతా పాపం అలాగే తడుస్తోంది. ఆ పిల్లని ఏదో ఒక అరుగు ఎక్కించాలని నీలవేణి అట్ట, కాగితాలు, పెన్నులు సంచిలో కుక్కుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టీ పెట్టకుండానే వీధిలో పడింది. జగన్నాధం కూతలు లెక్కపెట్టి కుక్కర్ దించాడు. పప్పు ఉడికింది. మధ్యాహ్నం ఆవిణ్ణి ఎక్కించుకుని ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది గానీ, దారిలోనే ఆవిడ గుండె ఆగిపోయింది.

గజపతినగరంలో నీలవేణి నవలలు చదవని వాళ్లు ఉండొచ్చు. ఆవిడ తన ఇంట్లో ఒక్క వాక్యం కూడా రాయదన్న సంగతి తెలియని వాళ్లు లేరు. రాయాలంటే ఆవిడకి పొరుగిల్లు కావాలి. భర్త కొట్టుకి కావలసిన సరుకుల చీటీ రాయమన్నా సరే, పక్కింటి అరుగు మీదికి వెళ్లి రాసుకొచ్చేది. పెళ్లయిన కొత్తలో ఆయన "మీ అమ్మకి ఉత్తరం రాశావా?" అని అడిగితే, "వర్షం పడతంది కదండీ, ఎలా రాస్తాను?" అందిట. వర్షానికీ ఉత్తరానికీ సంబంధం ఏమిటో జగన్నాధానికి అర్థం కావడానికి ఏడాది పట్టింది.

ఆవిడ మీ ఇంటికి వచ్చే తీరే వేరు. తలుపు కొట్టదు. "ఒక్క పేజీ రాసుకుని వెళ్లిపోతానమ్మా, నీ పని నువ్వు చూసుకో" అంటూ తిన్నగా వంటింట్లోకి నడిచి బియ్యం డబ్బా మీద కూర్చుంటుంది. మీకు బియ్యం కావాలంటే లేవదు. "ఒక్క నిమిషం, వాళ్లిప్పుడే కళ్లు కళ్లు కలుపుకుంటన్నారు" అంటుంది. కథ ముందుకు సాగకపోతే లేస్తుంది. అప్పుడు ఇంకా కష్టం. హాల్లో మంచం చుట్టూ గిరగిరా తిరుగుతుంది, మీ కిటికీలు తెరుస్తుంది, మూస్తుంది, ఫ్రిజ్ తలుపు తీసి లోపలి టమాటాల వంక తదేకంగా చూస్తుంది. మీ ఇంటికి కొత్త మనిషి ఎవరైనా వస్తే మీరే చెప్పుకోవాలి: "ఏటీ లేదండి, నీలవేణి గారు మా ఫ్రిజ్‌లో హీరోని ఎతుకుతన్నారు."

వెళ్లేటప్పుడు ఆ రోజు రాసిన కాగితాలు మీ ఇంట్లోనే పెట్టి వెళ్తుంది. "జాగ్రత్తమ్మా, రేపొచ్చి తీసుకుంటాను. అమ్మాయి ఏడుస్తంది, పైన బరువు పెట్టకు." అంటే రేపు కూడా వస్తుందన్నమాట.

జగన్నాధం చెయ్యని ప్రయత్నం లేదు. ఆయనకి బజారు వీధిలో ఇత్తడి సామాన్ల కొట్టుంది. బిందెలమ్మిన డబ్బుతో మేడ మీద భార్య కోసం ఒక గది వేయించాడు. టేకు బల్ల, తిరిగే కుర్చీ, కిటికీకి లేత నీలం తెర, ఆఖరికి ఏసీ కూడా పెట్టించాడు. నీలవేణి ఆ గది చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. మర్నాడు ఏడాదికి సరిపడా చింతపండు, ఎండుమిరపకాయలు అందులో పెట్టించి, అట్ట చంకన పెట్టుకుని పైడిరాజు మాస్టారింటికి వెళ్లిపోయింది. జిల్లాలో ఏసీలో నిద్రపోయే చింతపండు వాళ్లింట్లోనే ఉందని పక్క కొట్టు నారాయణమూర్తి చాటింపు వేశాడు.

నారాయణమూర్తిది బట్టల కొట్టు. జగన్నాధాన్ని "బావా" అని పిలుస్తాడు, ఆ వరస వాడుకుని ఏ మాటైనా అంటాడు.

"పొరుగింటి పుల్లకూర రుచంటారు బావా. మా సెల్లెమ్మకి పొరుగింటి బియ్యం డబ్బా రుచి. నీ మొగం సూస్తే ప్రేమకథ జడుసుకుని పారిపోతాదేటి?"

"పోరా" అని నవ్వేసేవాడు జగన్నాధం. కానీ ఆ మాట ముల్లులా లోపల ఉండిపోయింది. అందరిళ్లలో వచ్చే కథ తన ఇంట్లో రాలేదంటే, తేడా గోడల్లో ఉండదు కదా. ఇంటి మనిషిలో ఉంటుంది. బిందెలు తూచి అమ్మేవాడు, మితంగా మాట్లాడేవాడు, పెళ్లినాటి నుంచి ఒక్క పువ్వు కొనిచ్చిన పాపాన పోనివాడు. అలాంటివాడు తిరిగే ఇంట్లో ప్రేమ ఏ మూలన కూర్చుంటుంది? ఒకటి రెండు సార్లు అడుగుదామనుకున్నాడు. అవును అంటుందేమోనని ఊరుకున్నాడు.

అలాగని ఆవిడ రాతకి ఆయన దూరం కాడు. ప్రతి నవలకీ మొదటి పాఠకుడూ, దిద్దేవాడూ జగన్నాధమే. కొట్టులో గల్లా పెట్టె పక్కన ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చునేవాడు. ఎవరైనా బిందె అడిగితే "ఆగండమ్మా, ఈ అమ్మాయి ఇంకా రైలు దిగలేదు" అనేవాడు. ప్రేమ సంగతి ఆయనకి పట్టేది కాదు. లెక్క తప్పితే మాత్రం పట్టేసేవాడు.

"నీలా, ఈ కుర్రాడు సోమవారం భోంచేశాడు. ఇవాళ గురువారం. మధ్యలో ఏటీ తినలేదు."

"వాడు ప్రేమలో ఉన్నాడండీ."

"ప్రేమలో ఉన్నా ఆకలేస్తాది. ఓ ఇడ్లీ అయినా రాయి."

"అదేటండీ, అమ్మాయి చెయ్యి పట్టుకుని మాట్లాడతన్నప్పుడు ఇడ్లీ ఎక్కడ పెట్టను?"

"రెండో చేతిలో పెట్టు."

కథ ఏమిటంటారా? ఒకటే కథ. బస్సులో కిటికీ పక్క సీటు కోసం అమ్మాయి, అబ్బాయి దెబ్బలాడుకుంటారు. మర్నాడు చూస్తే ఆ అబ్బాయే వాళ్ల ఆఫీసుకి కొత్త అధికారి. కొన్నాళ్లు గొడవ, కొన్నాళ్లు బెంగ, ఒక వాన, ఒకే గొడుగు, శుభలేఖ. ముప్ఫై పైచిలుకు నవలలు ఇదే దారిన నడిచాయి. శృంగవరపుకోట నుంచి ఒక పాఠకురాలు ఫోన్ చేసి, "అమ్మా, ఆ సీటు ఇద్దరికీ సరిపోయేలా బస్సువాళ్లకి ఒక అర్జీ పెడదామా?" అని అడిగింది కూడా. నీలవేణికి కోపం రాలేదు. ఆ కథంటే ఆవిడకి అంత ఇష్టం. తను రాసిందే తను చదువుకుని నవ్వుకునేది, ముక్కు చీదుకునేది. సగంలో ఉండగా అన్నం ముందు కూర్చుని, ముద్ద చేతిలోనే పెట్టుకుని, నిజంగా భయపడుతూ అడిగేది:

"ఏవండీ, వీళ్లకి పెళ్లవుతాదంటారా?"

"రాసేది నువ్వే కదే!"

"నేనే అనుకోండి. కానీ ఆ అమ్మాయికి పౌరుషం ఎక్కువ. ఏటి చేస్తాదో!"

అంత త్వరగా పెళ్లిళ్లు చేసే మనిషి ఆఖరి నవల దగ్గర మారిపోయింది. యమునకీ నాయకుడు దేవేంద్రకీ మూడేళ్లయినా పెళ్లి కాలేదు. విజయనగరంలో ఉమాశంకర్ అనే ఆయన నడిపే వారపత్రికలో సీరియల్ వస్తోంది. పత్రిక కాగితం మానేసి సెల్‌ఫోన్లోకి మారింది గానీ యమున మాత్రం పీటల మీదికి రాలేదు. దేవేంద్రని భావనపాడు బదిలీ చేశారు. అక్కడ పడవ తిరగబడింది. జ్ఞాపకం పోయింది. జ్ఞాపకం వచ్చేసరికి కాలు విరిగింది. ఉమాశంకర్ వారం వారం ఫోన్ చేసి మొత్తుకునేవాడు.

"అమ్మా, పాఠకులు తిడుతున్నారు. యమునకి పెన్షన్ వచ్చే వయసయిపోతోంది. పెళ్లి చేసెయ్యండమ్మా."

"ఇంకొక్క చిక్కు ఉన్నాది బాబూ."

జగన్నాధానికి కూడా ఓపిక పోయింది. ఒకసారి ఎర్ర పెన్ను బల్ల మీద విసిరేశాడు.

"ముహూర్తం పెట్టావు. పందిరి వేశావు. భోజనాలకి వంకాయలు కూడా తరిగించావు. మళ్లీ ఏటి ఆపావు?"

"పురోహితుడికి జ్వరం వచ్చిందండీ."

"ఊళ్లో ఒక్కడేనా పురోహితుడు?"

"ఒక్కడే."

"గజపతినగరంలో ఏ వీధి తిరిగినా పురోహితుడు తగుల్తాడు!"

"మీ గజపతినగరంలో తగుల్తారు. నా ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. నవల నాది."

అదీ నీలవేణి.

కర్మకాండలన్నీ అయ్యాక ఉమాశంకర్ మొహమాటపడుతూ ఫోన్ చేశాడు. చివరి భాగాలు తనకి అందలేదు, ఇంట్లో ఉన్నాయేమో చూడమన్నాడు. ఇంట్లో ఎందుకుంటాయి? ఏ ఇంట్లో రాసినవి ఆ ఇంట్లో ఉన్నాయి. జగన్నాధం కొట్టు తలుపులు దించి, భార్య సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. నారాయణమూర్తి అడిగితే కాగితాల కోసమన్నాడు. అది నిజమే గానీ, కాళ్లు ఆగనివ్వకుండా తరుముతున్నది వేరే. ఆ ఇళ్లలో ఏముందో, తన ఇంట్లో ఏం లేదో ఒకసారి కళ్లారా చూడాలి.

మొదట పైడిరాజు మాస్టారిల్లు. ఆయన స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. చీకటి వంటిల్లు, కిర్రుమనే ఫ్యాను, పక్కన ఎవరిదో గేదెల పాక. ఇక్కడా రాసింది! మేడ మీద నీలం తెర గుర్తొచ్చి జగన్నాధానికి ఉక్రోషం వచ్చింది.

"మీ ఇంట్లో ఏటుందని వచ్చీది మాస్టారూ?" అని అడిగేశాడు.

"ఏటీ లేదనే వచ్చీవారండి" అన్నాడు పైడిరాజు. "మా ఆడమనిషి పోయాక నేను పొయ్యి ముట్టించలేదు. అరటిపళ్లు, బన్ను, అంతే. ఓ రోజు మీ ఆవిడ వచ్చి, 'మాస్టారూ, నా హీరో ఉప్మా చెయ్యాలి, మీకు చెయ్యడం వచ్చా?' అన్నారు. రాదండీ అన్నాను. 'మంచిది, చెయ్యండి. ఎలా తగలడిపోతాదో చూసి రాసుకుంటాను' అన్నారు. తగలడిపోయింది. రాసుకున్నారు. పారీడానికి మనసొప్పలేదు, ఇద్దరం కూకుని తిన్నాం. మర్నాడు మళ్లీ వచ్చి, 'మాస్టారూ, మీ ఉప్మా బాగోలేదని హీరోయిన్ అలిగింది, మళ్లీ చెయ్యాలి' అన్నారు."

జగన్నాధం నోరు తెరిచాడు. "అందుకేనా ఆ నవల్లో ఆ కుర్రాడు అధ్యాయానికోసారి ఉప్మా కలిపాడు! కథకి అడ్డమని నాలుగు ఉప్మాలు ఎర్ర పెన్నుతో నేనే కొట్టేశానే!"

"అయ్యో, నాలుగోది బాగొచ్చిందండి" అని నొచ్చుకున్నాడు మాస్టారు. "ఇప్పుడు నాకు బెండకాయ పులుసు కూడా వస్తాది. తినీసి ఎల్దురు గాని, కూకోండి."

పులుసు బాగానే ఉంది. జగన్నాధం తిన్నాడు, కాగితాలు తీసుకున్నాడు. బయటికొచ్చాక మళ్లీ పాత ముల్లే గుచ్చింది. మంచి పనే చేసింది. మరి రాసేదేదో ఇంటికొచ్చి రాసుకోవచ్చు కదా?

తర్వాత ఝాన్సీలక్ష్మి ఇల్లు. ఈవిడ మొగుడు గంగరాజుకి ట్రాక్టర్ ఉంది. ట్రాక్టర్ కంటే గట్టి గొంతు ఉంది. ఆ గొంతు వినబడితే వీధిలో జనం తలుపులు వేసుకునేవాళ్లు. అలాంటివాడు జగన్నాధాన్ని చూసి కుర్చీ తుడిచి వేశాడు, కాగితాలు తనే తెచ్చి రెండు చేతులా అందించాడు.

"మీ ఇంట్లో ఇంత గోలలో ఎలా రాసీదయ్యా?"

గంగరాజు తల గోక్కున్నాడు. "నానే ఆవిడకి ముడిసరుకండి. నాను మా యావిడ మీద కేకలేత్తంటే, ఆవిడ ఈ మూల కూకుని తలెత్తీవారు. వద్దనీవారు కాదు. పెన్ను తీసి, 'గంగరాజూ, ఆ మాట మళ్లీ అను. నా దుర్మార్గుడికి మాటలు సాలడం లేదు' అనీవారు. మళ్లీ అందామంటే నోరు రాదండి. ఓ రోజు సెయ్యెత్తినాను. 'అలాగే ఉంచు, దించకు, ఎలా ఎత్తావో రాసుకోనీ' అన్నారు. సెయ్యెత్తుకుని ఎంతసేపు నిల్సుంతానండి? కోడిపెట్టలు కూడా నన్నే సూస్తన్నాయి."

లోపల్నుంచి ఝాన్సీలక్ష్మి అందుకుంది: "ఆ వారం ఆ దుర్మార్గుడు ఈయన మాటలన్నీ అనీసినాడండీ. మా అత్త ఫోన్లో సదివించుకుని, 'ఓలమ్మ, ఈడు మా ఎదవలాగే ఉన్నాడే' అన్నాది. అప్పట్నుంచి సెయ్యి లేవలేదు. లేస్తే పేపరుకెక్కుతాదని భయం."

"ఇప్పుడు పేపరు లేదు కదే, ఫోనే కదా" అన్నాడు గంగరాజు, గొంతు పెంచకుండా.

జగన్నాధం ఆ వీధి దాటేదాకా నవ్వుకుంటూనే ఉన్నాడు. నవ్వు ఆగాక నడక వేగం పెంచాడు. ఇక మిగిలింది ఒక్క ఇల్లే. ఆవిడ ఆఖరి రోజు వెళ్లిన ఇల్లు.

అది కన్యాకుమారిది. సంతలో కూరగాయలమ్ముకునే మనిషి. అత్త అప్పలనరసమ్మ మంచం దిగి చాలా కాలమైంది. కోడలు సంతకెళ్తే ముసలామెకి తోడు నీలవేణి. ఇది జగన్నాధం కొంత ఊహించిందే. ఊహించనిది, గడపలో అడుగు పెట్టగానే మంచం మీంచి ఖంగున వచ్చింది.

"ఎవులది? సావుకారా? యమున పెళ్లయిపోనాదేటి?"

"లేదమ్మమ్మా, ఇంకా కాలేదు" అన్నాడు తడబడుతూ.

"అమ్మయ్య! నాను లేకుండా సేసీసినారేమో అనుకున్నాను. సూడు, నాకంటే ముందెల్లిపోనాది ఆ తల్లి. నాను పెళ్లి సూసి ఎల్తానని ముందే సెప్పుకున్నాను కదా, నా వంతు కాదేటది?"

కన్యాకుమారి కాగితాలు తెచ్చే నెపంతో జగన్నాధాన్ని వసారా చివరికి తీసుకెళ్లి గొంతు తగ్గించింది.

"మూడేళ్ల కితం డాట్టరు సేతులెత్తీసినాడు బాబూ. అత్త తిండి మానీసినాది. నీలవేణమ్మ కూకుని కత సదివితే, 'ఈ పిల్ల పెళ్లొక్కటీ సూసి కన్నుమూస్తానే' అన్నాది. ఆ మాట అన్నరోజే కతలో పందిరి ఊడదీయించీసినారు ఆవిడ. ఆ రోజు మొదలు, ముహూర్తం పెడతారు, ఆపీస్తారు. పెళ్లి రేపే అని సెప్తే అత్త రెండు ముద్దలు ఎక్కువ తింటాది, పెళ్లికి బలం కావాలని. తెల్లారి అడిగితే, పురోహితుడికి జొరమని సెప్పీవారు."

జగన్నాధం కాగితాలు అందుకున్నాడు. ఆ జ్వరం మీద తను ఎంత పోట్లాడాడు! ఇద్దరు పురోహితుల్ని పంపిస్తానని కూడా అన్నాడు. పొరపాటున ఆవిడ తన మాట వినుంటే పెళ్లీ అయిపోయేది, ముసలామె కూడా వెళ్లిపోయేది. 

"ఏటి గుసగుసలు?" అంది మంచం. "పెళ్లెప్పుడో సెప్పు సావుకారూ."

జగన్నాధం వెళ్లి మంచం పక్కన పీట లాక్కుని కూర్చున్నాడు. సోమవారం తిన్నవాడు గురువారం దాకా తినలేదని పట్టుకునే మనిషి, నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టాడు.

"దగ్గరికొచ్చీసింది అమ్మమ్మా. పందిరి కూడా వేసీసారు. కానీ దేవేంద్ర ఎక్కిన రైలు బొబ్బిలి దగ్గర ఆగిపోయింది."

"అయ్యో! ఎందుకాగినాది?"

"పట్టాల మీద గేదె పడుకుంది."

"తోలీమను!"

"తోలారు. కదలదు. మొండి గేదె."

"ఎవులదో దానికి గడ్డి పెట్టి పిలవమను. గేదెని పిలవడం రాదేటి ఆ రైలోళ్లకి?" ముసలామె రెండు మోచేతుల మీద లేవబోయింది. కన్యాకుమారి నవ్వు దాచుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కంగారుపడకు, రాస్తాను. మిగిలింది నేనే రాస్తాను."

"నువ్వా? ఎక్కడ కూకుని రాస్తావు?"

"ఇంకెక్కడ? మా ఇంటికాడే."

"మీ ఇంటికాడ రాదంట కదా!"

 ఇన్నాళ్లూ భార్యని అడగలేని ప్రశ్నని ఈ ముసలామెని అడగడానికి కూడా జగన్నాధం కాస్త ధైర్యం కూడగట్టుకోవలసి వచ్చింది.

"ఎందుకు రాదందమ్మమ్మా?"

"నానూ అదే అడిగినాను. 'ఒసే, అంత ఇల్లున్నాది, బంగారం లాంటి మొగుడున్నాడు, ఈ మందుల కంపులో కూకుని ఏటే నీ రాత?' అన్నాను. 'ప్రేమకతంటే ఎడబాటు రాయాలి కదా అమ్మమ్మా. ఆయన కళ్ల ముందే తిరుగుతా ఉంటే నాకు ఎడబాటెక్కడొస్తాది? బయటికొచ్చి కూకుంటే కాసేపటికి ఆయన మీద బెంగొస్తాది. అప్పుడు పెన్ను నడుస్తాది' అన్నాది. అరవై ఏళ్లొచ్చినాక సిగ్గులేదేటే అని తిట్టినాను." అప్పలనరసమ్మ ఆగి, జగన్నాధం ముఖంలోకి కళ్లు చికిలించి చూసింది. "అదేటి సావుకారూ, అలా అయిపోనావు? నీకు సెప్పలేదేటి?"

"లేదమ్మమ్మా."

"ఓలమ్మ! మా ఈది ఆడోళ్లందరికీ సెప్పీసినాది!"